రేనాటి నోట తెలుగు ధ్వని



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ అయ్యవారు తన పేరు ఎక్కడా వేయవద్దని బతికుండగానే మాట తీసుకున్నారు. ఆ మాట నేనూ నిలబెడతాను. జమ్మలమడుగు చుట్టుపక్కల బళ్ళలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన మనిషి ఆయన. రాతలో తప్పు వస్తే ఎర్రసిరాతో దిద్దేవారు. పలుకులో తేడా వస్తే మాత్రం వెంటనే దిద్దేవారు కారు. మళ్ళీ ఒకసారి అనిపించుకుని, చెవి ఒగ్గి వినేవారు. పిల్లవాడు పలికింది తప్పో, దానికొక పద్ధతి ఉందో తేల్చుకున్నాకే నోరు విప్పేవారు. మా తరం వాళ్ళం ధ్వనిశాస్త్రమని పెద్ద పేరు పెట్టి చదువుకున్న చదువు ఆయన తరగతి గదిలో ఆ పేరు లేకుండానే జరిగింది.

ఇక్కడ, గండికోట దగ్గర, తెలుగు పలుకు గురించి మాట్లాడటానికి ఒక హక్కు కూడా ఉంది. ఈ సీమ పాత శాసనాల్లోని రేనాడు. పూర్తిగా తెలుగులో చెక్కిన శాసనాల్లో ఇప్పటికి మనకు తెలిసిన అతి పాతవి ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో, కమలాపురం వైపు ఎర్రగుడిపాడులో దొరికాయి. లిపిని బట్టి వాటిని క్రీ.శ. 575 ప్రాంతానివని చెబుతారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు కలమళ్ళ పేరు అందరి నోటా పడింది. శాసనం పాతదని గర్వపడుతున్నాం, మంచిదే. ఆ శాసనం వేయించినవారి ఊళ్ళలో ఇవాళ మాట్లాడే పలుకును మాత్రం మోటు అంటున్నాం. ఈ రెండు మాటలూ ఒకే నోట రావడం నాకు మింగుడు పడదు. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

మేక అనండి. మేకు అనండి. పక్కపక్కన రెండుమూడు సార్లు అనండి, గడ్డం కింద వేలు పెట్టుకుని. మేక అన్నప్పుడు దవడ ఎక్కువ దిగుతుంది. మేకు అన్నప్పుడు అంత దిగదు. రాసేటప్పుడు రెండింటికీ ఒకటే ఏత్వం. పలికేటప్పుడు అచ్చులు రెండు. నేల అనండి, నేను అనండి. పేడ, పేరు. మేత, మేము. తేడా అదే. తర్వాతి అక్షరంలో అకారమో ఆకారమో ఉంటే ముందున్న ఏకారం నోరు తెరుచుకుంటుంది. ఇకారమో ఉకారమో ఉంటే తెరుచుకోదు. రాబోయే అచ్చుకు నోరు ముందే సిద్ధపడటం ఇది. వార్తలు చదివేవారైనా, విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవారైనా తెలుగు సహజంగా మాట్లాడితే ఇలాగే మాట్లాడతారు.

ఇప్పుడు మన పల్లెలకు రండి. అవ్వ మ్యాక అంటుంది, న్యాల అంటుంది, ప్యాడ అంటుంది. వేపచెట్టు యాపచెట్టు. ఏడ యాడ అయింది, ఏల యాల అయింది. లేక అనేది ల్యాక. కానీ అదే అవ్వ ల్యాదు అనదు, లేదు అంటుంది. న్యాను అనదు, నేను అంటుంది. త్యాలు కుట్టింది అనదు, తేలు అనే అంటుంది. ఎందుకంటే ఆ మాటల్లో తర్వాత వచ్చేది ఉకారం. బడికి పోని మనిషి నోట్లో నియమం వెంట్రుకవాసి తప్పకుండా నడుస్తోంది. కొందరు తెరిచిన అచ్చును కాస్త తెరిచి వదిలేస్తారు, మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి దాన్ని యాకారం చేస్తారు. తేడా అంతే, సూత్రం ఒకటే. 'యాడ ఉండావు' అన్న పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించే ముందు ఈ సంగతి తెలియాలి. వాడు సూత్రం తప్పలేదు, సూత్రాన్ని మనకంటే గట్టిగా పట్టుకున్నాడు.

మేకలోని ఏకారం, మేకులోని ఏకారం వేరు ధ్వనులు. అయినా ఏది ఎక్కడ రావాలో పక్క అచ్చే నిర్ణయిస్తుంది కాబట్టి వాటికి వేరే అక్షరాలు అక్కర్లేకపోయింది. ఇలాంటి జంటను భాషాశాస్త్రంలో ఒకే వర్ణానికి చెందిన సవర్ణాలంటాం. అర్థాన్ని మార్చగలిగే తేడా వర్ణభేదం, మార్చలేనిది సవర్ణభేదం. ఈ విడదీతను శాస్త్రంగా నిలబెట్టినవారిలో ముఖ్యుడు ట్రుబెట్స్‌కోయ్. రష్యాలో పుట్టి వియన్నాలో పాఠం చెప్పినవాడు. ఆయన పుస్తకం ఆయన పోయాక 1939లో అచ్చయింది. మన పాతవాళ్ళకు ఈ చూపు లేదనుకోకండి. యతి మైత్రి చూడండి: అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ మరో జట్టు. నాలుక ముందుకు జరిగి పలికేవి ఒకచోట, పెదవులు గుండ్రంగా చుట్టి పలికేవి ఒకచోట. యంత్రాలు లేని రోజుల్లో ఒట్టి చెవితో వేసిన లెక్క అది. దాన్ని పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టించి చంపేశామని నాకు బాధ.

ఇప్పుడు ఇంకో మాట తీసుకుంటాను, దీని మీద కాస్త నిలబడతాను. చేశాడు. పుస్తకంలో, పేపర్లో, టీవీలో అంతటా ఇదే రూపం. ఇందులో శ ఎక్కడిది? చేస్తాడులో స ఉంది. చేసిలో స ఉంది. చేసేలో స ఉంది. చేశాడులో శ వచ్చింది. చూస్తాడు, చూశాడు. రాస్తాడు, రాశాడు. మోస్తాడు, మోశాడు. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకు ముప్పై ఆరు వర్ణాలని లెక్క కట్టాడు. ఆ లెక్కలో స ఉంది గానీ శ లేదు. అది సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోది. మరి చేయడం, చూడటం, మోయడం లాంటి ఇంటి మాటల మధ్యలోకి అది ఎలా దూరింది?

జవాబు జమ్మలమడుగు బస్టాండులో దొరుకుతుంది. ఇక్కడ ఎవరూ చేశాడు అనరు. చేసినాడు అంటారు. చూసినాడు, రాసినాడు, మోసినాడు. సకారం తర్వాత ఇకారం ఉంది, దాని తర్వాత నాడు ఉంది. కోస్తా పలుకులో ఈ మధ్యభాగం కుదించుకుపోయింది. ఇకారం పోయింది, నకారం పోయింది. పోయే ముందు ఇకారం పక్కనున్న సకారాన్ని అంగిలి వైపు లాగింది, అందుకే అది శకారమైంది. ఆ తర్వాతి ఆకారం కూడా మామూలు ఆకారం కాదు. కోస్తావాళ్ళు చేశాడు అన్నప్పుడు జాగ్రత్తగా వినండి, మేకలో విన్న తెరిచిన ఏకారమే దాదాపుగా వినిపిస్తుంది. ఇకారం పోతూ పోతూ రెండు వైపులా ముద్ర వేసి పోయింది. ఆ ముద్రలు ఎవరివో తెలియాలంటే ఇకారాన్ని ఇంకా నిలుపుకున్న పలుకు కావాలి. అది మనది. ప్రమాణ భాషలోని ఒక చిక్కును విప్పే తాళంచెవి, మోటు అని పక్కన పెట్టిన రూపంలో ఉంది. ఎర్రగుడిపాడు శాసనంలో 'ఇచ్చిన' అన్న మాట స్పష్టంగా ఉంది. పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ ఇకారం, ఇవాళ మనం ఇచ్చినాడు అన్నప్పుడు పలికే ఇకారం ఒకటే.

వాండ్లు, కండ్లు, పండ్లు కూడా ఇలాంటివే. వాళ్ళు, కళ్ళు, పళ్ళు అనే రూపాల్లో కలిసిపోయిన హల్లులు వీటిలో విడివిడిగా వినిపిస్తాయి. వాటిలోకి పోను.

కలమళ్ళకు వస్తాను. ఈ రేనాటి చోళుల శాసనాలను నీలకంఠ శాస్త్రి, వెంకటరామయ్య గార్లు ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో పరిష్కరించారు. కలమళ్ళ శాసనంలో ఒక ఊరి పేరుంది, చిఱుంబూరు. ఎర్రగుంట్ల దగ్గరి చిలంకూరే అదని పండితులు గుర్తించారు. ఆ పేరును అక్షరం అక్షరంగా చూడండి. మొదట బండి ఱ, చివర మామూలు ర. ఒకే మాటలో రెండూ ఉన్నాయి. చెక్కినవాడు పొరపాటున అలా చేయలేదు, వాడి చెవికి అవి రెండు వేర్వేరు వర్ణాలు. చెట్టు వేరుకు ర, తేడా అనే అర్థంలో వచ్చే వేఱుకు ఱ. తమిళంలో ఇప్పటికీ ఈ రెండింటినీ వేరే అక్షరాలతో రాస్తారు. మన ఛందస్సు కూడా ప్రాసలో ర, ఱ కలపవద్దని చాలాకాలం పట్టుబట్టింది. నోటిలో తేడా పోయాక కూడా శాస్త్రం దాన్ని కాపాడింది. చివరికి రాత కూడా వదిలేసింది. ఇవాళ ఎర్రగుంట్ల బోర్డు మీద బండి ఱ కనిపించదు.

పోయిన ఆ తేడా ఎలా వినిపించేదో తెలుసుకోవడానికి అరకు వైపు వెళ్ళాలి. కొండదొరలు మాట్లాడే కొండ భాష, దీన్నే కూబి అని కూడా అంటారు, తెలుగుకు దగ్గర చుట్టం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ భాష వ్యాకరణాన్ని 1969లో ప్రచురించారు. అందులో బండి ఱ మామూలు రకారంతో కలవకుండా నిలిచి ఉంది. లిపి లేని భాష అది. శతాబ్దాల సాహిత్యం, వ్యాకరణాలు ఉన్న మనం పోగొట్టుకున్న ధ్వనిని వాళ్ళు కాపాడుకున్నారు. భాషల్లో పెద్దా చిన్నా లెక్కలు వేసేవారికి ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే చాలునని నాకు అనిపిస్తుంది.

ఇంకో అక్షరం ఉంది, దాని కథ మరీ లోతైనది. ఴ. తమిళంలో తమిఴ్ అన్న పేరు చివర వినిపించే ధ్వని. రేనాటి చోళుల్లో పుణ్యకుమారుడి మాలెపాడు రాగిరేకుల్లో చోఴ అన్న మాట ఈ అక్షరంతోనే ఉంది. నన్నయ నాటికి తెలుగులో ఇది లేదు. కంప్యూటరు తెలుగులో దీనికి చోటు దొరికింది 2014లోనే. ధ్వని పోయింది గానీ ఊరికే పోలేదు. రెండు అచ్చుల మధ్య ఉంటే డకారమైంది. తమిళుల కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు. మాట మొదట హల్లు పక్కకు వచ్చి చేరితే రకారమైంది. దీనికి ఉదాహరణ కోసం మనం ప్రొద్దుటూరు దాటి పోనక్కర్లేదు. ఊరిపేరు పుట్టుక సంగతి చరిత్రకారులకు వదిలేసి, ప్రొద్దు అన్న మాట చూడండి. తమిళంలో ఇది పొఴుదు. మధ్యలో ఉండాల్సిన ఴకారం తెలుగులో ముందుకు జరిగి పకారం పక్కన చేరింది, రకారంగా మారింది, ప్రొద్దు అయింది. ఆ తర్వాత ఆ రకారం కూడా రాలిపోయింది. పొద్దు మిగిలింది. ఇవాళ ప్రొద్దుటూరులో ఎవర్ని అడిగినా మా ఊరు పొద్దుటూరు అనే అంటారు, రాసేటప్పుడు మాత్రం క్రావడి పెడతారు. క్రింద కింద అయింది, క్రొత్త కొత్త అయింది, బ్రదుకు బతుకు అయింది, మ్రాను మాను అయింది. రాతలో, నోటిలో, పక్క భాషలో మూడు చోట్ల మూడు దశలు ఇలా ఒకేసారి కనిపించడం ఈ చదువులో అరుదైన అదృష్టం.

హల్లులు మాట మొదటికి ఇలా జరగడాన్ని కృష్ణమూర్తి గారు తెలుగు, గోండి, కొండ, కువి, కుయి, పెంగో, మండ భాషలన్నిట్లో పరిశీలించి 1978లో లాంగ్వేజ్ పత్రికలో వ్యాసం రాశారు. ధ్వని మార్పు వస్తే ఆ ధ్వని ఉన్న మాటలన్నీ ఒక్కసారే మారతాయని పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితులు గట్టిగా చెప్పారు. ఈ భాషల్లో అలా జరగలేదు. ఒక మాట మారింది, పక్క మాట మారలేదు, ఇంకో భాషలో వరస తిరగబడింది. మార్పు మాట నుంచి మాటకు పాకుతూ, రెండు వేల ఏళ్ళకు పైగా సాగి, కొన్ని భాషల్లో ఇంకా ఆగలేదు. ప్రపంచ భాషాశాస్త్రం ఈ వాదాన్ని పట్టించుకుంది. ఒంగోలులో పుట్టిన తెలుగువాడు మన్యం భాషల దగ్గర కూర్చుని చేసిన పని అది.

నాలుక సంగతి చెప్పి ముందుకు పోతాను. గండికోట అన్నప్పుడు నాలుక ఏం చేస్తుందో గమనించండి. డకారం దగ్గర, టకారం దగ్గర నాలుక కొన వెనక్కి మడుచుకుంటుంది. కొన అడుగుభాగం అంగిలిని తాకుతుంది. కోత అనేటప్పుడు ఆ మడత లేదు. 1983లో ధ్వనిశాస్త్రవేత్తలు పీటర్ లేడిఫోగెడ్, పేరి భాస్కరరావు గారు ఎక్స్-రే చిత్రాల సాయంతో తెలుగు, తమిళం, హిందీ మాట్లాడేవారి నాలుకలు పోల్చి చూశారు. తెలుగు, తమిళం వారిలో నాలుక బాగా వెనక్కి మడుచుకుని అడుగుభాగంతో తాకుతోంది. హిందీ వారిలో అంత మడత లేదు, కొనతోనే, ఇంకాస్త ముందు తాకుతోంది. నాగరిలో, తెలుగులో అదే టవర్గం. పలికే చోటు వేరు. కోట చూడటానికి వచ్చే ఉత్తరాది యాత్రికుల నోట గండికోట కొంచెం తేలిగ్గా వినిపిస్తుందని గైడ్లు అంటారు. ఆ తేలిక ఎక్కడిదో ఎక్స్-రే చూపించింది. యంత్రం లేకపోయినా పాత పద్ధతి ఒకటుంది. బొగ్గుపొడి నూనెలో కలిపి నాలుకకు రాసి, ఒక్క మాట అనిపించి, అద్దంతో అంగిలి చూస్తే మచ్చ ఎక్కడ పడిందో తెలుస్తుంది. కళాశాల పిల్లలతో ఒకసారి చేయించి చూడండి, టవర్గాన్ని జీవితంలో మరచిపోరు.

ఇదంతా ఇప్పుడే, ఇక్కడే చెప్పడానికి కారణం గండికోట జలాశయం. దాని నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. సీమకు నీళ్ళు కావాలి, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. ఆ నీళ్ళ కింద ఊళ్ళు పోయాయి. కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు 2020లో ఖాళీ అయింది. ఇళ్ళకు, పొలాలకు పరిహారం లెక్క కట్టారు. పలుకుకు లెక్క కట్టే పద్ధతి ఎక్కడా లేదు. ఒక ఊరి పలుకు ఆ ఊరి రచ్చబండ మీద, బావి దగ్గర, కళ్ళాల్లో బతుకుతుంది. మనుషులు పునరావాస కాలనీలకు, పట్టణాలకు చెదిరిపోయాక పిల్లలు కొత్త ఇరుగుపొరుగు పలుకునో, బడి పలుకునో పట్టుకుంటారు. ఒక తరంలో అయిపోయే పని అది.

మాండలిక వృత్తి పదకోశం కోసం కృష్ణమూర్తి గారి బృందం ఊరూరా తిరిగి వ్యవసాయ పదాలు సేకరించింది. మొదటి సంపుటం 1962లో వచ్చింది. ఆ కష్టానికి చేతులెత్తి మొక్కాలి. వాళ్ళ చేతిలో ఉన్నవి కాగితం, కలం. మన జేబులో ఫోను ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బోర్స్మా, వీనింక్ తయారుచేసిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మేక, మేకు రికార్డు చేసి అందులో పెడితే నోటి గదిలో గాలి మోగే స్థాయిలు గీతలుగా కనిపిస్తాయి. దవడ దిగిన కొద్దీ మొదటి గీత పైకి పోతుంది. ఇందాక గడ్డం కింద వేలితో మీరు పట్టుకున్న తేడాను డిగ్రీ చదివే పిల్ల అంకెల్లో కొలిచి చూపించగలదు.

చెదిరిన ఊళ్ళ పలుకును రికార్డు చేయడానికి ఎవరి దగ్గరకు పోవాలి, ఏమడగాలి అన్నది ముఖ్యం. 'మీరు దీన్నేమంటారు' అని అడిగితే మనిషి వెంటనే సర్దుకుని కూర్చుని, పుస్తకం మాట చెబుతాడు. అమెరికాలో భాషాశాస్త్రవేత్త విలియం లబావ్ 'మీ ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఏదైనా చెప్పండి' అని అడిగేవాడు. చెబుతూ చెబుతూ మనిషి తన పలుకు మీద కాపలా వదిలేస్తాడు. మనం ఊరు ఖాళీ చేసిన రోజు గురించి అడగవచ్చు, వాళ్ళకు చెప్పాలని ఉంటే. లేకపోతే పనుల గురించి అడుగుదాం. నాపరాయి పలక ఎలా తీస్తారు, శనగ ఎప్పుడు విత్తుతారు, మగ్గానికి పడుగు ఎలా పోస్తారు. ముందు అవ్వల దగ్గరకు పోవాలి, అందులోనూ ఊరు దాటి ఎక్కువ తిరగనివారి దగ్గరకు. ప్రతి రికార్డింగుకు పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, వయసు, తేదీ రాసిపెట్టాలి. అనుమతి అడగాలి. ఒక నకలు ఆ ఇంటివాళ్ళకు ఇవ్వాలి, మిగతావి కనీసం రెండు చోట్ల దాచాలి. పేర్లు బయట పెట్టకూడదు.

మొదట వెతకవలసినవి కొన్ని ఉన్నాయి. ల్యాక, లేదు ఒకే మనిషి నోట రావాలి. చేసినాడు అనే ఇంట్లో మనవడు చేశాడు అంటున్నాడా, అంటే ఏ వయసు నుంచి? ప్రొద్దులో రకారం ఎవరి నోటిలోనైనా ఇంకా మిగిలి ఉందా? వాండ్లు, వాళ్ళు రెండూ ఒకే మనిషి వాడుతుంటే, ఎవరితో మాట్లాడేటప్పుడు ఏది?

కాలనీల్లో మొదలుపెట్టి ఆ తర్వాత పులివెందుల, ముద్దనూరు, మైలవరం వైపు పోదాం. పిల్లలకు శిక్షణ ఇచ్చే పని నాది. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నా బదులు ఆ పిల్లల్లో ఒకరు నిలబడి, తాము రికార్డు చేసిన గొంతులు వినిపిస్తూ మాట్లాడేలా నిర్వాహకులు ఇప్పుడే నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.